గడియారాల కొట్లో కెమెరా

ఫిబ్రవరి 19

పిచ్చుకా,

కొండమీద గాలి కొలిచేవాళ్ళకి ఉత్తరాలు రాసే తీరిక ఉండదని మీ నాన్న అంటున్నాడు. నేనొప్పుకోను. గాలి దానంతటది వీస్తుంది, నువ్వేమన్నా వెనకనుంచి తోస్తున్నావా? వారానికోసారి సామాన్ల జీపు వస్తుందన్నావుగా, అందులో ఒక కవరు వేస్తే దాని టైరు పేలదు.

సంగతేంటంటే, నేనో కెమెరా కొన్నాను. కంప్యూటరుకి తగిలించేది, గుండ్రంగా, రేగుపండంత ఉంది. తోకలాంటి తీగ ఉంది. నువ్వు వెళ్ళేముందు నా కొట్లో పెట్టిపోయిన కంప్యూటరుకి గుచ్చాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. డబ్బాలో చిన్న సీడీ ఇచ్చారు, అదీ పెట్టాను. కంప్యూటరు దాన్ని కాసేపు గిరగిరా తిప్పి వదిలేసింది.

విప్పి చూడకుండా ఏ వస్తువు గురించీ మాట్లాడకూడదు కాబట్టి కెమెరాని విప్పాను. అయ్యో అని అరవకు, మళ్ళీ బిగించేశాను. లోపల దుమ్ము లేదు. ఒక్క పళ్ళచక్రమైనా లేదు, ఇంత సిగ్గులేని యంత్రాన్ని నేనెప్పుడూ చూడలేదు. ముందున్న అద్దానికి మాత్రం మరలు చక్కగా కోశారు, మూతలా తిరుగుతుంది. అది చేసినవాడికి పని తెలుసు.

ఎలా నడపాలో రాయి. ఎందుకని అడక్కు. త్వరగా కావాలి, ఏప్రిల్ నెలాఖరు లోపల.

ఇక్కడ గడియారాలన్నీ క్షేమం.
మీ అత్త

ఫిబ్రవరి 26

అత్తా,

నువ్వు కెమెరా విప్పావని చదివి నిజంగానే అరిచాను. మా సార్ గాలిమీటరు పడిపోయిందనుకుని బయటికి పరిగెత్తారు.

విను. నీ కంప్యూటర్లో ఉన్నది అందరూ వాడే విండోస్ కాదు, లినక్స్. ఆ పాత మెషీనుకి తేలిగ్గా ఉంటుందని అదే పెట్టాను. దానికి ఆ సీడీ ఎందుకూ పనికిరాదు, కావలసిన సరంజామా అంతా లోపలే ఉంటుంది. కాబట్టి సీడీని ఎవరికీ ఇవ్వకుండా టీ గ్లాసు కింద పెట్టుకో. ముందు మనం తెలుసుకోవలసింది ఒక్కటే: కెమెరా వచ్చి తలుపు తట్టిందని కంప్యూటరుకి తెలుసా, లేదా?

కంప్యూటరుకి ఆజ్ఞలిచ్చే నల్ల కిటికీ తెరవడం నేర్పించానుగా. అందులో చిన్నక్షరాల్లో lsusb అని కొట్టి, ఎంటర్ నొక్కు. కొన్ని వరసలు వస్తాయి. అవన్నీ ఒక్క అక్షరం పోకుండా కాగితం మీద ఎక్కించి పంపు. తర్వాత కెమెరా బొమ్మ ఉన్న ప్రోగ్రాం తెరువు. అది తిడితే, ఏమని తిట్టిందో అదీ రాయి.

ఇక్కడ గంటకి అరవై కిలోమీటర్ల గాలి. నిన్న ఆరేసిన దుప్పటి ఇప్పుడు పక్క కొండమీదుంది.

ఎందుకని అడగొద్దన్నావు, సరే. కానీ చచ్చేంత కుతూహలంగా ఉంది.

నీ మేనకోడలు

మార్చి 5

పిచ్చుకా,

నువ్వు చెప్పినట్టే కొట్టాను. ఆరు వరసలొచ్చాయి. వెనక కాగితం మీద ఎక్కించాను, మూడు కాగితాలు పట్టాయి. నాలుగో వరసలో కెమెరా అన్న మాట కనిపించింది. అంటే గుర్తుపట్టినట్టేగా? పట్టి ఏం లాభం! ప్రోగ్రాం తెరిస్తే ఏమంటుందో తెలుసా? అనుమతి లేదట!

నా కొట్లో, నా బల్లమీద, నేను కొన్న కెమెరాని చూడటానికి నాకు అనుమతి లేదట! ఎవరిస్తారే ఆ అనుమతి? ముప్పై ఒక్క ఏళ్ళుగా ఈ షట్టరు నేనే ఎత్తి నేనే దించుతున్నాను. మీ తాతయ్య బతికున్నప్పుడు కూడా ఈ బల్ల దగ్గర నన్నెవరూ అనుమతి అడగమనలేదు.

పడవ సరంగు తెలుసుగా, రేవు దాటించే పెద్ద పడవ నడిపేవాడు, ఏనుగంత గొంతు. ఏప్రిల్ ముప్పైన రిటైరవుతున్నాడు. ఆఖరి రోజు చేతికి పెట్టుకుంటానని వాళ్ళ నాన్న చేతిగడియారం తెచ్చిచ్చాడు. ఇరవై ఏళ్ళుగా ఆగిపోయి ఉంది. చేసిస్తానని మాటిచ్చేశాను. అందుకే కాస్త హడావిడిలో ఉన్నాను.

కోపంలో ఉన్న
అత్త

మార్చి 12

అత్తా, అత్తా,

ముందు నా తప్పొప్పుకుంటాను. లినక్స్‌లో ఎవరు దేన్ని ముట్టుకోవచ్చో ఒక పద్ధతుంటుంది. కెమెరాలు వాడేవాళ్ళ గుంపు ఒకటుంటుంది. అందులో నీ పేరు లేదు. నీకు ఖాతా పెట్టినప్పుడు, నువ్వు అన్నీ విప్పేస్తావని భయపడి, ఏ గుంపులోనూ చేర్చకుండా వచ్చేశాను. ఇందులో పెట్టిన చీటీ మీద ఒక వరస రాశాను. నల్ల కిటికీలో దాన్ని ఉన్నదున్నట్టు కొట్టు. అనుమతి వచ్చేస్తుంది. ఆ తర్వాత కంప్యూటర్ని ఒకసారి ఆపి మళ్ళీ పెట్టు. అది ముఖ్యం. ఆపి పెడితేగానీ దానికి కొత్త సంగతి తలకెక్కదు.

అవునూ, ఆ ఆరు వరసలకి మూడు కాగితాలేంటి? అక్షరానికి బొటనవేలంత! కాగితాలెక్కువై పారేయలేక రాస్తున్నావా? మా సార్ చూసి, మీ అత్త బోర్డులు రాస్తారా అనడిగారు.

ఎందుకో అడగొద్దన్నావు, కానీ నాకు తెలిసిపోయింది. నన్ను చూడాలనిపించిందిగా? పదమూడు నెలలు దాటింది మరి. నీకేమో నోరు తెరిచి చెప్పడం చేతకాదు. చదువుతుంటే ఏడుపొచ్చింది అత్తా. కానీ ఇక్కడ ఫోన్లు పనిచెయ్యవు, ఉన్న ఒక్క రేడియో గాలి లెక్కలు పంపడానికే. నువ్వు కెమెరా పెట్టినా నేను కనిపించను. నువ్వొక్కదానివే కొట్లో కూర్చుని ఉంటావని తలుచుకుంటే మనసు మనసులో లేదు. అందుకే నాన్నకి కూడా ఓ ఉత్తరం రాసి పడేశాను.

ముద్దులతో
పిచ్చుక

మార్చి 19

ఏమే, మీ నాన్నకి ఏం రాశావే తల్లీ?

నాలుగు రోజులుగా మా అన్నగారు పొద్దున్నే కొట్టుకొచ్చి స్టూలు వేసుకు కూర్చుంటున్నాడు. తోడుగానట! పేపరు పైకి చదువుతాడు. వచ్చినవాళ్ళందరికీ గడియారం ఎందుకాగిందో తనే చెప్పేస్తాడు. నిన్న ఒకావిడ గోడగడియారం తెస్తే, "గోడ వంకరేమో చూసుకోండమ్మా" అని తిప్పి పంపేశాడు. నేను మర కింద పడేసుకుంటే తను ఒంగి తీసిస్తాడు. తీసిచ్చి నా మొహంలోకి చూస్తాడు. నా తల ప్రాణం తోకకొస్తోంది. వెంటనే ఇంకో ఉత్తరం రాసి ఈయన్ని ఇంటికి పంపించు.

చీటీలో వరస కొట్టాను. ఏమీ అనలేదు, మారుమాట లేకుండా ఒప్పుకుంది. ఆపి మళ్ళీ పెట్టాను. ప్రోగ్రాం తెరిచాను. మళ్ళీ అదే పాట, అనుమతి లేదు! ఇంకోసారి ఆపి పెట్టాను. ఊహూఁ. నీ చదువు మీద నాకున్న గౌరవం కొంచెం తగ్గింది.

నా ఒంటరితనం గురించి కలలు కనడం మానేసి పని చూడు. కెమెరా నిన్ను చూడటానికి కాదు.

అత్త

మార్చి 26

అత్తా,

నన్ను చూడటానికి కాదని ఎంత తేలిగ్గా రాసేశావు! రెండు రోజులు అలిగాను. కొండమీద అలిగితే బతిమాలేవాళ్ళుండరు, అందుకే మళ్ళీ నేనే రాస్తున్నాను. మరెవర్ని చూడాలి? నాకు చెప్పకూడని మనిషెవరో ఉన్నారన్నమాట. ఉంటే సంతోషమే, నిజంగా. నాన్నతో ఒక్క ముక్క అనను. మనిషి మంచివాడైతే చాలు.

ఇప్పుడు పని. కెమెరాని వెనకవైపు బొక్కలో పెట్టి చూడు. పొడుగు తీగ వాడుతుంటే తీసేయి. చీటీలో వరస మళ్ళీ కొట్టు. అవన్నీ అయ్యాక uptime అని కొట్టి, వచ్చిన ఒక్క వరసా రాసి పంపు. నాకో అనుమానముంది. అది ఇప్పుడు చెప్పను, నువ్వు కొడతావు.

ఇక్కడ గాలి తగ్గింది. దుప్పటి దొరకలేదు.

నీ అలిగిన మేనకోడలు

ఏప్రిల్ 2

పిచ్చుకా,

మనిషీ లేదు, మన్నూ లేదు. నాకీ వయసులో చేతిగడియారాల్లో దూరడానికే తీరిక లేదు, మనుషుల జోలికెక్కడ పోతాను!

ఇక దాచి లాభం లేదు. మీ నాన్నకి తెలిసిపోయింది, నీకు ఆయన చెప్పేలోపు నేనే చెప్పాలి. నా కళ్ళు పోతున్నాయే. పూర్తిగా కాదు. చూపు మధ్యలో మచ్చలాంటిదొచ్చింది, రెండు కళ్ళకీ. పక్కలు బాగానే ఉన్నాయి, దేన్ని చూడాలనుకుంటే సరిగ్గా అదే కనిపించదు. ఆపరేషన్‌తో పోయేది కాదని డాక్టరు చెప్పింది. కంటికి భూతద్దం పెట్టుకుంటే గడియారం బదులు మచ్చే పెద్దదవుతోంది. అక్షరాలెందుకంత పెద్దగా రాస్తున్నానని అడిగావుగా. అంతకంటే చిన్నగా రాస్తే నాకే కనిపించడం లేదు. నీ ఉత్తరాలు పక్కచూపుతో అక్షరమక్షరం ఏరుకుని చదువుతున్నాను.

ఆ డాక్టరే ఒక పెద్ద తెరమీద అక్షరాలు చూపించింది. అరచేతులంత అక్షరాలు, అవి మాత్రం కనిపించాయి! అక్కడే కూర్చుని అనుకున్నాను, గడియారాన్ని కూడా అంత చేసి చూస్తే? అందుకే కెమెరా. నీకు చెబితే మీ నాన్నకి చెబుతావని చెప్పలేదు. చెప్పకపోయినా చెప్పావు, అది వేరే సంగతి.

సోమవారం సరంగు గడియారంలో మర బల్లమీద, నా ముక్కు ముందే ఉంది. నేను పావుగంట వెతికాను. మీ నాన్న స్టూలు మీంచి అంతా చూసి, వేలితో దాన్ని నావైపు జరిపాడు. సాయంత్రం షట్టరు దించేటప్పుడు అన్నాడు, "చాల్లేవే. ఇంకెన్నాళ్ళు? తాళంచెవి ఇచ్చేయి, ఇంటికొచ్చి హాయిగా ఉండు" అని. నాకు ఒళ్ళు మండింది. సరంగు గడియారం ముప్పైలోపు నడిపిస్తే కొట్టు ఉంటుంది, నడిపించలేక తిరిగిచ్చేస్తే తాళంచెవి నా చేత్తో నేనే ఇస్తానని చెప్పేశాను. ఆయన సరేనన్నాడు.

ఆ గడియారంలో జుట్టంత స్ప్రింగు ఒకటి చిక్కుపడిపోయి ఉంది. దాన్ని విడదీసి కూర్చోబెట్టాలి. వెనకటి రోజుల్లో టీ చల్లారేలోపు చేసేదాన్ని. ఇప్పుడది నాకు పొగలా కనిపిస్తోంది.

నాకు భయంగా ఉందే పిచ్చుకా. ఈ పని పోతే నేనేంటో నాకు తెలియదు.

నువ్వడిగిన వరస కింద రాశాను. అందులో 426 days అని ఉంది.

అత్త

ఏప్రిల్ 9

అత్తా,

నీ ఉత్తరం ముందు ఏడిపించింది. బోర్డులు రాస్తావా అని వెక్కిరించినందుకు నా చెంపలు నేనే వేసుకున్నాను. తర్వాత ఆఖరి వరస చదివి కడుపు చెక్కలయ్యేలా నవ్వాను. రెండూ ఒక్క ఉత్తరంలోనే.

నాలుగొందల ఇరవై ఆరు రోజులు! అంటే నేను పెట్టి వచ్చిన రోజునుంచీ ఆ కంప్యూటరు ఒక్క క్షణమైనా ఆగలేదు! రెండుసార్లు ఆపి పెట్టానని రాశావు. ఏం ఆపావు అత్తా? తెరొక్కటీ ఆర్పావు కదూ? నాకు తెలుసు. తెరమీద పెద్ద గడియారం బొమ్మ పెట్టిచ్చింది నేనే. అది చూసి నువ్వు దాన్ని కూడా కొట్లో గడియారాల్లో కలిపేసుకున్నావు. నడుస్తున్న గడియారాన్ని నీ కొట్లో ఎవరైనా ఆపితే నువ్వేం చేస్తావో చిన్నప్పటినుంచీ నా చెవికి బాగా తెలుసు. కరెంటు పోయినా ఆగకుండా దానికి బ్యాటరీ పెట్టె కూడా కొన్నావుగా!

అనుమతి నీకు మూడు వారాల క్రితమే వచ్చేసింది. అది ఆగి లేస్తేగానీ దానికా సంగతి తెలియదు. నువ్వేమో దాన్ని ఆగనివ్వడం లేదు.

ఇప్పుడు నా మాట విను. సరంగు గడియారం ఆపకుండా విప్పగలవా? చక్రాలు తిరుగుతుండగా తుడవగలవా? ఇదీ అంతే. పైగా టైము పోతుందని భయపడకు. కంప్యూటరు లోపల నువ్వమ్మే బిళ్ళబ్యాటరీ ఒకటుంటుంది, రూపాయి బిళ్ళంతది. మెషీను ఆగినా దానిమీద లోపలి గడియారం నడుస్తూనే ఉంటుంది. కాబట్టి నువ్వు దేన్నీ ఆపడం లేదు. కళ్ళు మూసుకుని ఆపెయ్. అయ్యో, అలా రాయకూడదేమో. సర్లే, కళ్ళు తెరుచుకునే ఆపెయ్.

ఇంకోటి. కెమెరా మామూలుగా మూరెడు దూరంలో ఉన్నదే స్పష్టంగా చూస్తుంది, గడియారం దగ్గరికి తెస్తే మసకేస్తుంది. దానికి నాకేం తోచడం లేదు. మా సార్ని అడిగాను, ఆయనకీ తెలియదు. ముందు బొమ్మ రానీ, తర్వాత చూద్దాం.

నువ్వేంటో నాకు తెలుసు. నీకు మరిచిపోయినట్టనిపిస్తే నన్నడుగు.

నీ పిచ్చుక

ఏప్రిల్ 16

పిచ్చుకా!

వచ్చిందే! బొమ్మ వచ్చింది!

ఆపడానికి పొద్దున్నంతా పట్టింది. మీట మీద వేలు పెట్టి తీసేస్తూ ఉంటే మీ నాన్న పేపరు మడిచి, "నొక్కవే, అదేం కరవదు" అన్నాడు. నొక్కాను. ఫ్యాను చప్పుడు తగ్గుతూ ఆగిపోయింది. సరే ఆగనే ఆగింది, ఇంకేం భయమని డబ్బా విప్పాను. నువ్వన్న బిళ్ళ ఉంది, పాతబడిపోయింది. తీసి కొత్తది వేశాను. తీరా పెడితే తెరమీద గడియారం పన్నెండేళ్ళు వెనక్కి పోయింది! పాత బిళ్ళ తీసి కొత్తది వేసే మధ్యలో అదీ ఆగుతుందని నువ్వెందుకు రాయలేదే? నా చేతిగడియారం చూసి సరిచేశాను.

ఆ తర్వాత కెమెరా తెరిచాను. అనుమతి మాటే ఎత్తలేదు. తెరమీద కొట్టు పైకప్పు కనిపించింది. పైకప్పులో బూజు కూడా కనిపించింది, అది వేరే సంగతి.

దగ్గరికి తెస్తే మసకేస్తుందన్నావుగా. అద్దానికి మరలున్నాయని మొదటి ఉత్తరంలోనే రాశాను, నువ్వే పట్టించుకోలేదు. రెండు చుట్లు బయటికి తిప్పాను. అంతే! వేలెడు దూరంలో సరంగు గడియారం తెర నిండా వచ్చి కూర్చుంది. అంత పెద్దదాని మీద నా మచ్చ ఎంత, ఓ మూల పడి ఉంది. పళ్ళచక్రానికి పళ్ళు లెక్కపెట్టాను. రెండుసార్లు లెక్కపెట్టాను, ఊరికే, సంతోషంకొద్దీ.

ఒకటే ఇబ్బంది. నేను చెయ్యి కుడికి జరిపితే తెరమీద ఎడమకి పోతోంది. పైగా రవ్వంత ఆలస్యంగా కదులుతోంది. చిమటా పట్టకారుతో ఒకటి పట్టుకోబోతే ఇంకోటి తగులుతోంది. ఇంకా పద్నాలుగు రోజులే ఉన్నాయి. త్వరగా రాయి.

తెగ సంతోషంగా ఉన్న
అత్త

ఏప్రిల్ 20

అత్తా,

ఈ వారం జీపు ముందే వచ్చింది, అప్పుడే వెళ్ళిపోతోంది, అందుకే నాలుగు ముక్కలు. అద్దం సంగతి నీకు తట్టింది, నాకు తట్టలేదు. ఇకమీదట లెన్సుల గురించి నేను నోరెత్తను.

కుడి ఎడమైందంటే ప్రోగ్రాం అద్దంలో చూపించినట్టు చూపిస్తోందన్నమాట. పైన మూడు గీతల గుర్తు నొక్కితే "మిర్రర్" అని ఉంటుంది, ఆ టిక్కు తీసేయి. ఆలస్యంగా కదలడానికి బొమ్మ సైజు ఒక మెట్టు తగ్గించు. అయినా కొంచెం ఉంటుంది, అది నీ చెయ్యే అలవాటు చేసుకోవాలి.

నాన్నకి నేనేం రాయడం లేదు. ఆయన్ని స్టూలు మీదే ఉండనీ.

భయంగా ఉంటే భయపడుతూనే చెయ్యి అత్తా.

పిచ్చుక

మే 1

పిచ్చుకా,

ముందు అసలు సంగతి: గడియారం నడుస్తోంది. నిన్న సరంగు దాన్ని పెట్టుకునే ఆఖరిసారి రేవు దాటించాడు. అవతలి ఒడ్డునుంచి కూత వేశాడు, నేను కొట్లోంచి విన్నాను.

ఇప్పుడు ఎలా అయిందో చెబుతాను. టిక్కు తీశాక చెయ్యి దారిలోకొచ్చింది. ఆలస్యం మాత్రం పోలేదు. వారం రోజులు ఓ చచ్చిన గడియారాన్ని ముందేసుకుని సాధన చేశాను, కొత్తగా పనిలో చేరినదానిలాగా. మొదటి మూడు రోజులు ఎన్ని మరలు ఎగరగొట్టానో మీ నాన్ననడుగు, ఒంగి ఒంగి ఆయన నడుం పట్టేసింది. నాలుగో రోజు చెయ్యి ముందు కదిలి, ఆగి, కంటికోసం ఎదురుచూడటం నేర్చుకుంది.

ఇరవై ఎనిమిదిన పొద్దున సరంగు గడియారం విప్పాను. చిక్కుపడ్డ స్ప్రింగు తెరమీద తాడంత లావు కనిపిస్తోంది. ఒక్కో చుట్టూ విడదీస్తున్నాను. మీ నాన్న ఎప్పుడో పేపరు చదవడం ఆపేశాడు. నేను చూసుకోలేదు. ఒకచోట స్ప్రింగు చిమటా నుంచి జారబోయింది. వెనకనుంచి "అమ్మో" అని వినిపించింది. అప్పుడు తెలిసింది, స్టూలు జరుపుకుని నా భుజం పక్కనే కూర్చుని, తెరకేసి నోరు తెరుచుకు చూస్తున్నాడు. "ఊపిరి పీల్చకు, ఎగిరిపోతుంది" అన్నాను. నిజంగానే బిగబట్టాడు.

దాన్ని కూర్చోబెట్టి, చక్రాన్ని చిమటా కొసతో ఓ పిసరు తట్టాను. తిరిగింది. అటూ ఇటూ, అటూ ఇటూ, తెర నిండా. ఇరవై ఏళ్ళు ఆగిపోయిన చక్రమే పిచ్చుకా.

మీ నాన్న తెరమీదికి ఒంగి ఆ చక్రాన్ని వేలితో చూపించాడు. తర్వాత, "నువ్వు చేసేది ఇదా?" అన్నాడు.

"మరేం చేస్తాననుకున్నావు?"

"ఏమో. ముప్పై ఏళ్ళుగా నీ నడినెత్తి తప్ప నాకేం కనిపించలేదు. కంటికేదో పెట్టుకుని ఒంగి కూర్చుంటావు, అంతేగా."

నిజమే కదా. ఇన్నేళ్ళుగా ఆ భూతద్దంలో నేనొక్కదాన్నే చూశాను. ఇంకొకరికి చూపించే దారే లేదు, అలా చూపించాలని నాకు తోచనూ లేదు. నా కళ్ళు బాగున్నంతకాలం నేనేం చేస్తున్నానో లోకంలో ఒక్కరికీ తెలియదు.

మాట ప్రకారం కొట్టు ఉంటుంది, అయినా తాళంచెవి ఊసు మళ్ళీ ఎత్తుతాడేమో అనుకున్నాను. ఎత్తలేదు. ఇవాళ పొద్దున నేను వెళ్ళేసరికి షట్టరు ముందు నిలబడి ఉన్నాడు, చేతిలో పేపరు కూడా లేదు. లోపలికొచ్చి కంప్యూటరు తెర తుడిచాడు. స్టూలు నా పక్కకి లాక్కున్నాడు. బల్లమీదున్న గడియారాల్లోంచి ఒకటి తీసి నాముందు పెట్టి అన్నాడు:

"దీన్ని విప్పవే. చూద్దాం."

మీ అత్త